దారి లేని టాంకు

బొమ్మకును నమూనాకును భేదము కలదు. బొమ్మ భావమును చూపును. నమూనా కొలతను చూపును. కొండపల్లి పనివాడు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి ఏనుగు అంబారీని చేయునపుడు ఆ ఏనుగు ఎన్ని మూరల ఎత్తని ఎవ్వరును అడుగరు. అడుగుట న్యాయమును కాదు. చూచినవాని మనస్సులో ఏనుగు కదలినచో పనివాని శ్రమ ఫలించినట్లే. కాని, యుద్ధమునందు నిజముగా నడచిన ఒక టాంకును ముప్పదియైదవ వంతునకు తగ్గించి, ఇది అదియే యని బల్లమీద నిలుపువాడు వేఱొక బాధ్యతను నెత్తికెత్తుకొనుచున్నాడు. అతడు సాక్షి. సాక్షి పలికినది సొంపుగా నున్నదా యని లోకము అడుగదు. నిజమా యని అడుగును.

మన పట్టణములలో ఈ పనియందు ఆసక్తి గల యువకులు కొందఱు కలరు. జపాను, కొరియా, తైవాను దేశములలో తయారగు పెట్టెలను కొని, అందలి ప్లాస్టిక్కు ముక్కలను చాకుతో కోసి, ఆకురాయితోను ఉప్పుకాగితముతోను నునుపుచేసి, జిగురుతో అతికి, కుంచెతో రంగులు దిద్దుచు వారాలకొలది కూర్చుందురు. వారి ఓర్పు మెచ్చదగినది. చేతికి పనియు కంటికి పరీక్షయు కల్పించు ఏ వ్యాసంగమునైనను మేము ఆదరింతుము. కాని వారి బల్లలపై కనబడునవి యెవ్వి? జర్మనులు నడిపిన టైగరు, పాంథరు, రష్యనుల టీ-34, అమెరికనుల షెర్మను. మన సైనికులు నడిపినవి అరుదు. ఒకవేళ ఉన్నను, అచ్చట టాంకు మాత్రము కలదు. ఆ టాంకు నడచిన దారి లేదు. మొదటి లోపము డబ్బుతో తీఱును. రెండవ లోపము చదువుతో గాని తీఱదు. ఈ రెండవ దానిని గూర్చియే మేము నేడు ప్రస్తావింపదలచితిమి.

దృష్టాంతమునకు జోజిలా కనుమను గ్రహింతము. కాశ్మీరపు లోయనుండి లడాఖునకు పోవు త్రోవకు అది గుమ్మము వంటిది. ఎత్తు సుమారు 11,500 అడుగులు. 1948వ సంవత్సరపు వేసవిలో ఆ కనుమ శత్రువుల వశమయ్యెను. లేహ్ నగరమునకు నేలదారి మూతపడెను. సెప్టెంబరు మాసమున 77వ పారాచ్యూటు బ్రిగేడు చేసిన దాడులు ఫలింపలేదు. ఇరువైపుల శిలల మఱుగునుండి మరతుపాకులు కురిపించు గుండ్లకు ఎదురుగా, నీడలేని చోట, పదాతులు ఎంతదూరము పోగలరు? ఎందఱో అచ్చట నేలకొఱగిరి. చలికాలము సమీపించుచుండెను, మంచు పడినచో ఆ యేటికి ఆశ వదలుకొనవలసినదే.

అప్పుడు మేజరు జనరల్ తిమ్మయ్యగారు కనుమకు టాంకులను ఎక్కింప నిశ్చయించిరి. 7వ లైట్ కావల్రీ దళమువారి స్టూవర్టు టాంకులు జమ్మూ ప్రాంతమున నుండెను. ఆ దళమునకు నాయకుడు లెఫ్టినెంటు కర్నల్ రాజిందర్ సింగు; ఆయనను తోడివారు ‘స్పారో’ అని, అనగా పిచ్చుక యని, పిలుచుచుండెడివారు. జమ్మూనుండి శ్రీనగరమునకు నేడున్నట్టి మార్గము నాడు లేదు. బనిహాల్ వద్ద జవహరు సొరంగము తెఱువబడినది 1956లో గదా. ఇరుకైన కొండదారి, బలహీనమైన వంతెనలు. టాంకుల మీది టరెట్టులను, అనగా ఫిరంగిని మోయు తిరుగు బురుజులను, ఊడదీసి వేఱుగా తరలించిరి. మొండెములపై గుడ్డలు కప్పి, అవి టాంకులని శత్రువునకు తెలియకుండ జాగ్రత్తపడిరి. శ్రీనగరము దాటి, సోనమర్గు దాటి, కనుమ పాదమున నున్న బాల్తాల్ చేరిరి.

బాల్తాల్ నుండి పైకి ఉన్నది కంచరగాడిదల త్రోవ. ఆ త్రోవను టాంకు పట్టు దారిగా మార్చినవారు మదరాసు సాపర్లు. బెంగుళూరు కేంద్రముగా గల ఆ యింజనీరు దళమునందు దక్షిణాదివారు, అందు తెలుగువారును, తరతరములుగా చేరుచున్నారు. సముద్రతీరపు ఎండలకు అలవాటుపడిన దేహములతో, గాలి పలుచనైన ఆ యెత్తున, శత్రువు తుపాకి క్రింద, వారు బండలు పగులగొట్టి దారి వేసిరి. 1948 నవంబరు 1వ తేదీన, మంచు పడుచుండగా, స్టూవర్టులు ఆ దారి వెంట పైకెక్కి కనుమను దాటెను. అంత యెత్తున టాంకులు కానవచ్చునని శత్రువు కలనైన తలచియుండలేదు. శిలల మఱుగులపై ఫిరంగులు నేరుగా గుండు వేయగా, వెనుక పదాతులు నడచిరి. ఆ నెల ముగియకముందే ద్రాస్, కార్గిల్ మనవారి చేతికి వచ్చెను. లేహ్ దారి తెఱపిన పడెను. ఆ సాహసమునకు రాజిందర్ సింగుగారికి మహావీరచక్రము లభించెను.

ఇప్పుడు మన యువకుడు ఒక స్టూవర్టును కూర్చెననుకొందము. నున్నని చెక్కపీటపై దానిని నిలిపి, ఫిరంగిని మీదికెత్తి, క్రింద ‘జోజిలా, 1948’ అని వ్రాసెను. అతడు ఏమి సాక్ష్యము చెప్పినాడు? అట్టి యంత్రమొకటి ఉండెనని మాత్రమే. ఆ యంత్రము అమెరికాలో తయారైనది. దాని పేరు సయితము అమెరికా అంతర్యుద్ధమునాటి ఒక సేనానిది. అట్టివి వేలకొలది తయారై అనేక దేశములలో తిరిగినవి. ఈ టాంకును మనదిగా చేసినది ఏది? దాని ఉక్కు కాదు; దాని ఫిరంగి కాదు. ఊడదీసిన టరెట్టు, కప్పిన గుడ్డ, పగిలిన బండ, సెప్టెంబరులో వెనుదిరుగవలసి వచ్చినవారి దుఃఖము, ఇవి దానిని మనదిగా చేసినవి. వీనిని వదలి ఉక్కును మాత్రము చూపు నమూనా కొలతలన్నియు సరిగా నున్నను అబద్ధమాడుచున్నదని మేమందుము.

కొలతలు అక్కఱలేదని మా భావము కాదు. కొలతయే ఈ విద్యకు అక్షరాభ్యాసము. 1/35 అను ప్రమాణము ఎట్లు వచ్చినదో వినుట వినోదకరము. 1960 దశాబ్ది ప్రారంభమున జపానునందలి టమియా కంపెనీవారు పాంథరు టాంకు నమూనాను చేయునపుడు, లోపల మోటారును బ్యాటరీలును పట్టుటకు వీలైన పరిమాణమును ఎంచుకొనిరి. ఆ పరిమాణము లెక్కకు ముప్పదియైదవ వంతు అయినది. లోకమంతయు దానినే అనుసరించినది. ప్రమాణమును బ్యాటరీలు నిర్ణయించినవి. సత్యమును మాత్రము కూర్చువాడే నిర్ణయింపవలయును.

ఆ లెక్కన నాలుగున్నర మీటర్ల స్టూవర్టు సుమారు 13 సెంటీమీటర్లగును. సామాన్యపు ఒడ్డుపొడుగు గల సైనికుడు అయిదు సెంటీమీటర్లకు లోపుగా నుండును. 37 మిల్లీమీటర్ల ఫిరంగి రంధ్రము ఒక మిల్లీమీటరగును. టాంకు ప్రక్క ఉక్కురేకు మందము సుమారు ఒక అంగుళము. నమూనాలో అది రెండు మూడు పోస్టుకార్డులు కలిపిన మందమునకు మించదు. ఆ రేకు వెనుక నలుగురు మనుష్యులు కూర్చుండిరి. పెట్టెలోని ప్లాస్టిక్కు రేకు దానికంటె మందము. కావున తలుపుల అంచులను లోపలినుండి గీకి పలుచన చేసినవాడు అందమునకై చేయుట లేదు, ఆ నలుగురికి కల రక్షణ యెంతో ఉన్నదున్నట్లు చెప్పుచున్నాడు. కనుమ యెత్తును అదే లెక్కకు తగ్గించినచో నూఱు మీటర్లగును. అనగా చార్మినారునకు దాదాపు రెట్టింపు. దానిని ఏ బల్లమీదను నిలుపలేము. అందుచే కూర్చువాడు కొండలో ఒక జానెడు ముక్కను ఎన్నుకొనవలయును. ఏ జానెడు? చరిత్రజ్ఞానము అవసరమగునది ఇచ్చటనే.

మా సలహా అడిగినచో మూడు ఘట్టములను చూపుదుము. మొదటిది బనిహాల్ దారి: టరెట్టు లేని మొండెము, పైన గుడ్డ, ప్రక్కన లోయ. నమూనాలో టరెట్టు చేతితో త్రిప్పిన ఊడివచ్చునదియే గావున ఇందుకు ప్రత్యేకముగా ఖర్చు లేదు; కావలసినది ఊహ మాత్రమే. రెండవది బాల్తాల్ పైదారి: టాంకు ఇంకను రాలేదు, సమ్మెటలు, గునపములు పట్టిన సాపర్లు, పగిలిన బండలు, దూరమున ఖాళీగా నున్న దారి. టాంకు లేని టాంకు నమూనా యేమని నవ్వువారు నవ్వుదురు గాక. మూడింటిలో మేము మొదట బహుమానమిచ్చునది దీనికే. మూడవది నవంబరు 1: మంచులో పైకెక్కుచున్న స్టూవర్టు, దాని వెనుక పదాతులు.

పనితనమునందును సత్యమునకు అనేక పరీక్షలు కలవు. స్టూవర్టు అను పేరు ఒక్కటియే యైనను రూపములు పెక్కు. ఎం3 రకమునందు విమానములకు వాడు జాతికి చెందిన గుండ్రని యింజను. ఎం5 రకమునందు రెండు కాడిలాకు మోటారు యింజనులు, వానికై వెనుక భాగము ఎత్తుగా లేచియుండును. వెనుకభాగము తప్పినవాడు యింజనునే తప్పినాడు. కావున పెట్టె తెఱచుటకు ముందు ఛాయాపటములను వెదకి ఏ రూపమో తేల్చుకొనవలయును. తరువాత గొలుసులు. టాంకు గొలుసనగానే ఎఱ్ఱని త్రుప్పు పులుముట యువకులకు పరిపాటి. స్టూవర్టు గొలుసులు చాలమట్టుకు రబ్బరు దిమ్మెలు గలవి, రబ్బరునకు త్రుప్పెక్కడిది? ఉక్కు కొలికులు మాత్రము రాళ్ల రాపిడికి మెఱయును. అట్లే, నిత్యము సైనికుల చేతిలో నున్న యంత్రమునకు పాడుబడిన బండివలె త్రుప్పు పూయుట పనితనము కాదు. ఆ యంత్రమును కనిపెట్టుకొని యున్నవారిని సోమరులనుటయే.

రంగు విషయమున ఒక మెళకువ కలదు. పెద్ద వస్తువుమీది రంగును చిన్న వస్తువుమీద యథాతథముగా పూసినచో నల్లగా తోచును. రవ్వంత తెలుపు కలిపి తేలిక చేయవలయును. పలుచని మడ్డిరంగును మూలలలోనికి పాఱించినచో నీడలు తేలును. కుంచెను దాదాపు ఆఱనిచ్చి లేతరంగుతో అంచులను తడవినచో వెలుగు తేలును. మంచునకు వంటసోడా చల్లువారు కలరు. అది కొంతకాలమునకు పచ్చబడును. మెత్తని చలువరాతిపొడిని జిగురుతో కలిపి వేసినది నిలుచును. ఐనను మంచు ఎచ్చట పేరుకొనును, చక్రముల క్రింద ఎట్లు బురదయగును, యింజను వేడికి ఎచ్చట కరగును అను ప్రశ్నలకు ఏ సీసాలోను సమాధానము దొరకదు. ఆలోచించినవానికే దొరకును.

ఇది పిల్లలాట యని కొందఱందురు. వారికి ఒక్క విషయము జ్ఞాపకము చేయుదుము. 1942లో అమెరికా నౌకాదళము తన దేశపు పాఠశాలల విద్యార్థులను 5 లక్షల విమాన నమూనాలు చేసి యిమ్మని కోరెను. అవి 1/72వ వంతు ప్రమాణమునకు సరిపోవలయును. ఏది శత్రువిమానము, ఏది మిత్రవిమానము అని సైనికులకు నేర్పుటకు అవి సాధనములు. రెక్క వంపు తప్పిన నమూనాను చూచి నేర్చినవాడు తన మిత్రునే కాల్చును. పిల్లల చేతిపని యనుకొన్నది ఇట్లు ప్రాణములతో ముడిపడినది. చరిత్ర విషయమునను అంతే. తప్పు నమూనాను చూచి పెరిగిన బాలుడు తన దేశపు గతమును తప్పుగా గుర్తించును.

ఇది యుద్ధమును పూజించుట కాదా యని వేఱు కొందఱందురు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. మెఱుగుపెట్టిన టాంకును అద్దపు పెట్టెలో నిలిపి దాని ఫిరంగి పొడవునకు మురియుట యుద్ధపూజయే. హిట్లరు సైన్యపు యంత్రములను, అవి యెవరి యిండ్లమీదుగా నడచినవో తలపక, సోకులకై అలంకరించుటయు అట్టిదే. అట్టి పెట్టెలను కొనవద్దని మేమనము. కూర్చినవాడు ఆ యిండ్లను మఱవరాదని మాత్రము అందుము. నిజమైన నమూనా పూజకు లొంగదు. అంగుళము మందపు రేకును, అందు ఇఱుకుకొని కూర్చున్న నలుగురిని, సెప్టెంబరులో ఓడిన దాడిని, అవతలి శిలల మఱుగున చలికి వణకుచున్న శత్రువును గూడ చూపినదానిని చూచి యుద్ధము వేడుక యని ఎవడు తలచును? కప్పిపుచ్చిన నమూనాయే యుద్ధమును ఆకర్షణీయము చేయును. పూర్తిగా చెప్పినది చేయదు.

ఇక చేయవలసిన దేమి? మొదట, మన పఠనమందిరములును పాఠశాలలును ఒక్కొక్క నమూనాను విద్యార్థులచే చేయించి నిలుపవలయును. దాని క్రింద ఏ యేడు, ఏ చోటు, ఏ దళము, ఎవరు దారి వేసిరి, ఏ ప్రయత్నములు విఫలమైనవి అను సంగతులు తెలుగులో స్పష్టముగా వ్రాయవలయును. ఛాయాపటము నాధారము చేసికొని చేసినదెంత, ఊహించినదెంత అనునది గూడ ఆ చీటీపై నుండవలయును. ఊహను ఊహ యని ఒప్పుకొనుట సాక్షికి లోపము కాదు, గౌరవము. పెట్టె కొన శక్తి లేనిచోట అట్ట, చెక్క, తీగ చాలును. సరియైన కొలతతో చేసిన అట్టటాంకు, కొలత తప్పిన ఖరీదైన టాంకుకంటె మేలు.

రెండవది ప్రభుత్వమువారి పని. అహమదునగరమున 1994లో వెలసిన ఆశ్వికదళ టాంకు ప్రదర్శనశాలయందు మన సైన్యము వాడినవియు యుద్ధమున పట్టుకొన్నవియు అగు అనేక టాంకులు కలవు. పెక్కు ఊళ్లలో స్మారకములుగా నిలిపిన టాంకులును కలవు. పిల్లలు వానిపై నెక్కి ఆడుదురు, పెద్దలు వానిప్రక్కన నిలిచి ఛాయాపటములు తీయించుకొందురు, అది యేమి టాంకో చెప్పు ఫలకము మాత్రము పలుచోట్ల కానరాదు. విద్యార్థులు వానిని కొలుచుటకు అనుమతి యీయవలయును. కొలతల పటములను, పాత ఛాయాపటములను చౌకగా అచ్చొత్తించి, భారతీయ భాషలలో వివరణలతో అందఱికి అందుబాటున నుంచవలయును. ఇందు దేశరక్షణ రహస్యమేమున్నది? డెబ్బది యేండ్లు దాటిన యంత్రమునకు దాచదగిన రహస్యము లేదు. మఱవదగని చరిత్ర మాత్రము కలదు.

మూడవది మన వర్తకుల పని. త్రీడీ ముద్రణయంత్రములు వచ్చిన పిమ్మట చిన్న కర్మాగారమునందైనను నమూనా ముక్కలను తయారుచేయ వీలగుచున్నది. ఆవడిలో తయారైన విజయంత టాంకును, 1965లో అసల్ ఉత్తర్ వద్ద పాటను టాంకుల నెదుర్కొన్న సెంచూరియనును, జోజిలా స్టూవర్టును, వానితోపాటు సాపరును, కంచరగాడిదను, గునపమును గూడ పెట్టెలో నుంచి అమ్మువాడు మన దేశమున ఏల పుట్టరాదు? ఐతే ఆ యంత్రము ఆకారమును ముద్రించును గాని ప్రశ్న అడుగదు. ప్రశ్న అడుగువాడు కూర్చువాడే.

యువకులకు మేము చెప్పునది ఇదియే. మీ చేతులలో నేర్పు కలదు. కన్నులలో సూక్ష్మత కలదు. కొనుమూతి కుంచెతో ఒక మరమేకునకు నీడ దిద్ద నేర్చినవారికి, ఆ మరమేకును బిగించిన మనిషిని గూర్చి నాలుగు పుటలు చదువుట కష్టము కాదు. ముందు చదువుడు; తరువాత కోయుడు; ఆపైని అతుకుడు. టాంకునకు పూసిన రంగునందు చూపిన శ్రద్ధలో సగమైనను దాని క్రింది నేలయందు చూపుడు. ఆ నేలను టాంకు చేసికొనలేదు. గునపములు పట్టిన మనుష్యులు ముందు నడచిరి. టాంకు వెనుక వచ్చెను. మీ పీటమీదను ఆ వరుసయే యుండవలయును.